నాణెం మీద గుర్తు లేదా? కోల్‌కతా అనుకునే ముందు ఇది చూడండి

చిల్లరలో వచ్చిన నాణెం తేడాగా కనబడితే చాలామంది వెంటనే ధర వెతుకుతారు. ముందు అదే విలువ, అదే సంవత్సరం ఉన్న మామూలు నాణెం ఒకటి తెచ్చి పక్కన పెట్టండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని చేయరు.

నాణెం మీద అడ్డగీత. వేలిగోరు తగిలేలా ఉబ్బి ఉంటే డై (నాణెం మీద బొమ్మను ముద్రించే అచ్చు) పగిలింది, ఆ సందులోకి లోహం ఎక్కింది. లోపలికి దిగి ఉంటే బయట ఎక్కడో గీసుకుంది, పక్కన పెట్టేయండి.

అంకెలు రెండుగా కనబడటం. రెండో గీత చదునుగా మెట్టులా ఉండి, అసలు అంకె సన్నబడితే ముద్ర పడే క్షణంలో డై కదిలిందని అర్థం. దానికి ధర రాదు. నిజమైన డబుల్ డైలో, అంటే అచ్చులోనే బొమ్మ రెండుసార్లు పడినప్పుడు, రెండు రూపాలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి.

సంవత్సరం కింద టంకశాల గుర్తు, అంటే నాణెం ఎక్కడ ముద్రించారో చెప్పే గుర్తు, లేకపోవడం. నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా అని అందరికీ తెలుసు. చిక్కంతా ఆ చివరి మాటతోనే. డైలో గుర్తు చెక్కిన చిన్న గుంటలో గ్రీజు, లోహపు పొడి పేరుకుంటే లోహం అందులోకి ఎక్కదు. హైదరాబాద్ నాణెం నక్షత్రం లేకుండానే బయటికి వస్తుంది. సగమే పూడితే కోణాలు పోయి ముద్దలా మిగులుతుంది, నోయిడా చుక్క అని పొరబడతాం.

ఒక రెండు రూపాయల నాణేన్ని కోల్‌కతా కవర్లో పెట్టి రెండేళ్లు అలాగే ఉంచాను. ఒక రాత్రి టేబుల్ లైటును పక్కకు వంచి, పది రెట్ల లెన్స్ కింద నాణేన్ని మెల్లగా తిప్పుతుంటే ఖాళీ అనుకున్న చోట నక్షత్రపు రెండు చిన్న కోణాలు మెరిశాయి. వెలుగు పైనుంచి పడినన్నాళ్లూ అవి కనబడలేదు.

కాబట్టి వెలుగు పక్కనుంచే పడాలి. ఆ చోట నాణెం పైభాగం కాస్త మసకగా, ఎగుడుదిగుడుగా ఉందా? పక్క అంకెల అడుగు కూడా పలచబడిందా? అలా ఉంటే గ్రీజే. అంకెలన్నీ సమానంగా అరిగి ఉంటే చేతుల్లో నలిగిన నాణెం. ఒకే దిశలో సన్నటి గీతలుంటే ఎవరో అరగదీశారు, డబ్బు పెట్టకండి. ఇవేవీ లేకుండా నున్నగా ఉండి, అదే ఏడాది కోల్‌కతా నాణెంతో అంకెల తీరు కలిస్తేనే కోల్‌కతా. గ్రీజు నాణెం దాచుకోండి, కానీ నక్షత్రపు కోణాలు కనబడితే కవరు మీద హైదరాబాద్ అనే రాయండి. తేల్చుకోలేకపోతే ఖాళీగా వదిలేయండి. చింతపండుతో మాత్రం తోమకండి, ఉన్న ఆనవాలు కూడా పోతుంది.

పది రూపాయల నాణెం మీద రూపాయి గుర్తు లేకపోవడం. లోపమూ కాదు, నకిలీ కూడా కాదు, పాత డిజైన్. ఆ గుర్తు 2011లో వచ్చింది.

వేరే లోహం మీద ముద్ర పడిందనిపిస్తే తూచండి. 2011 డిజైన్ రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85 గ్రాములు. రెండు వేర్వేరు నాణేల డైలు కలిసిపోయిన నాణెం చిల్లరలో మీకు దొరకడం దాదాపు జరగదు, దాని గురించి టెన్షన్ వద్దు.