చలక మట్టి ఇటుకల గోడ: కొత్త ఆర్కిటెక్టు మొదటి ప్రయోగానికి

ఆర్కిటెక్టు కావాలంటే ఇంటర్ తర్వాత నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు గానీ రాయాలి. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) సీటుకు జేఈఈ తప్పనిసరి. ఆర్కిటెక్చర్ డిగ్రీ, అంటే బీఆర్క్, అయిదేళ్లు. ఆ తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కాకుండా పేరు పక్కన ఆర్కిటెక్టు అని పెట్టుకోవడం 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కుదరదు.

చదువులో భాగమైన ట్రైనింగ్‌కు, రోజంతా త్రీడీ బొమ్మలు చేయించే ఆఫీసు కన్నా సైటుకు పంపే చిన్న ఆఫీసు మేలు. సెలవుల్లో ఊళ్లో పాత మట్టిమిద్దె ఒకటి కొలిచి గీయండి: గోడ మందం, దూలాల ఎడం, చూరు ఎంత బయటికుందో. ఆ షీట్లు పోర్ట్‌ఫోలియోలో కంప్యూటర్‌లో చేసిన రంగుల బొమ్మల (రెండర్ల) కన్నా ఎక్కువ మాట్లాడతాయి.

ఇక ప్రయోగం. పాలమూరు, నల్లగొండ చలకల్లో ఎర్రమట్టికి కొదవ లేదు కాబట్టి, సిమెంటు కలిపి మిషన్‌లో ఒత్తిన మట్టి ఇటుకతో మొదలుపెట్టవచ్చు. అయితే మొదట ఎవరి ఇల్లూ కాదు. ప్రహరీలో పది అడుగుల ముక్క గానీ మోటరు గది గానీ చాలు.

పైన వేర్లున్న మట్టి ఒక అడుగు లోతు తీసేసి కింది మట్టి తీసుకోండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదపండి. నిమిషానికి అడుగున చేరిన ఇసుక దగ్గర గీత పెట్టి, ఒక రోజు ఆగి మిగతా పొరలు చూడండి, అన్నిటికన్నా పైది బంకమట్టి. ఇసుక మూడింట రెండొంతులు, బంక పది నుంచి ఇరవై శాతం ఉంటే మంచి మట్టి. బంక ఎక్కువైతే ఇటుక ఆరుతూ పగులుతుంది. క్రషర్ డస్ట్ (కంకర మిషన్ రాతిపొడి) కలిపి తగ్గించాలి. రేగడిని సిమెంటుతో లొంగదీయాలని చూడకండి, తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది.

అయిదు మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన 100 కిలోల పొడిమట్టికి 7 కిలోల సిమెంటు. పొడిగా రంగు ఒకటయ్యేదాకా కలిపాకే నీళ్లు చల్లాలి. ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదిలితే నాలుగైదు పెళ్లలు కావాలి. పొడిగా రాలితే నీళ్లు చాలలేదు, అలాగే చదునుగా పడితే ఎక్కువయ్యాయి. నీళ్లు తగిలిన మిశ్రమాన్ని అరగంటలో ఒత్తేయాలి. మేస్త్రీలు పొద్దున్నే పెద్ద కుప్ప కలిపి పెడతారు, అక్కడే ఇటుక పాడవుతుంది: సిమెంటు అప్పటికే గట్టిపడటం మొదలై ఒత్తినా పట్టు రాదు.

క్యూరింగ్‌లో, అంటే ఇటుకను తడిగా ఉంచి గట్టిపడనివ్వడంలో, చాలామంది తొందరపడతారు. మే ఎండలో కప్పకుండా వదిలితే అంచులు గోటికే రాలతాయి. నీడలో పేర్చి, గోనెసంచులు కప్పి, మర్నాటి నుంచి కనీసం 21 రోజులు తడి ఆరనీయకూడదు. 28 రోజులకు రెండు మూడు ఇటుకలు రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. మెత్తబడితే సిమెంటు చాలలేదనో క్యూరింగ్ సరిగా జరగలేదనో అర్థం.

పునాది, బేస్‌మెంటు నల్లరాయితో నేల నుంచి అడుగున్నర లేపి ఆపైనే ఇటుక కట్టండి. సిమెంటు, మట్టి, ఇసుక 1:2:6 మాలు వాడండి. ఇటుకను మించిన గట్టి మాలు వేస్తే పగుళ్లు ఇటుకలోంచే వస్తాయి. గదైతే చూరు రెండడుగులు బయటికి రావాలి, ప్రహరీ అయితే నెత్తిన షాబాద్ బండ పరవాలి. ఒక వానకాలం, ఒక ఎండాకాలం గడిచాక కింది మూడు వరసల ఫొటోలు తీసి పెట్టుకోండి. మట్టి ఇల్లు అడిగినవాళ్లకు ముందు అవే చూపించి, ఆ తర్వాతే అంచనా ఇవ్వండి.