బాస్ దాన్స్ నేర్చుకుందాం – 3వ పాఠం: అక్షరాల నుంచి అడుగుల్లోకి

పోయిన పాఠంలో సింపుల్ (ఒక్క అడుగు), డబుల్ (మూడడుగులు) విడివిడిగా వేశాం. ఈసారి వాటిని వరసలో పెడదాం.

బాస్ దాన్స్ అంటే గెంతకుండా, పాదాలు నేలను రాస్తూ వేసే పాత యూరప్ ఆస్థాన నాట్యం. 15వ శతాబ్దపు బర్గండీ (నేటి ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతాలు) ఆస్థానంలో వేసిన ఈ నాట్యాలకు మనకున్న గొప్ప ఆధారం బ్రస్సెల్స్‌లోని రాయల్ లైబ్రరీలో ఉంది. 9085 నంబరు రాతప్రతి. నల్లరంగు అద్దిన పుటల మీద బంగారు, వెండి సిరాలతో రాశారు. పైన పొడవాటి స్వరాల వరస, కింద అక్షరాలు, అంతే! ఆ అక్షరాలు చదవడం వస్తే 500 ఏళ్ల నాటి నడక మన కాళ్లలోకి వస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

పెద్ద ఆర్ అంటే వందనం. బీ అంటే బ్రాన్ల్, ఒంటిని అటూ ఇటూ ఊపడం. రెండు ఎస్‌లు రెండు సింపుల్స్. డీ డబుల్. చిన్న ఆర్ వెనక్కి వేసే అడుగు. ఒక్కో స్వరం తాళంలో ఆవర్తం లాంటిది, 6 లెక్కలు. రెండు ఎస్‌లు కలిసి ఒకే స్వరం, మిగతావి ఒక్కోటీ ఒక్కో స్వరం.

ఇప్పుడు ఇది వేయండి: ఎస్ ఎస్, డీ డీ డీ, ఎస్ ఎస్, ఆర్ ఆర్ ఆర్ (మూడూ చిన్న ఆర్‌లే), బీ. మొత్తం 9 స్వరాలు.

సింపుల్స్ ఎడమ, కుడి: 1, 4 లెక్కల మీద. డబుల్‌కి మూడడుగులు: 1, 3, 5 మీద (లెక్కల ఈ పంపకం నేను ఎంచుకున్నది, పాత పుటల్లో లేదు). మొదటి డబుల్ ఎడమతో, రెండోది కుడితో, మూడోది మళ్లీ ఎడమతో మొదలవుతుంది. చిక్కు ఇక్కడే. మూడో డబుల్ ఎడమ కాలి మీద ముగుస్తుంది, తర్వాతి సింపుల్ కూడా ఎడమతోనే మొదలవ్వాలి. అందుకని 6వ లెక్కలో కుడి పాదాన్ని పక్కకు చేర్చి బరువు దాని మీదికి మార్చండి. రెండో సింపుల్ జత అయ్యాక ఇదే పని ఎడమ పాదంతో చేయాలి, ఎందుకంటే వెనకడుగులు కుడి, ఎడమ, కుడి. బ్రాన్ల్ ఎడమతో మొదలై కుడితో ముగుస్తుంది.

చాలామంది ఈ రెండుచోట్లే తడబడి టెన్షన్ పడతారు. సంగీతం ఆపేసి, లెక్కలు పైకి చెబుతూ ఆ రెండు మార్పులే పదిసార్లు వేయండి. పాదం నేలను రాస్తూ కదలాలి, గెంతకూడదు.

వచ్చే పాఠానికి డబుల్స్ 5 చేసి, అదే వరస రాసుకుని రండి. ఏ పాదం ఎక్కడ పడుతుందో ప్రతి అక్షరం కింద గుర్తు పెట్టండి.