భౌతిక మార్పో, రసాయన మార్పో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

మార్కాపురం పలక ఒకటి తరగతిలో కిందపడి మూడు ముక్కలైంది. "ఇది ఏ మార్పురా?" అని ఏడో తరగతి పిల్లల్ని అడిగాను. "రసాయన మార్పు సార్" అన్నారు సగం మంది. ఎందుకంటే, "మళ్లీ అతకదు కదా సార్!"

తప్పు పిల్లలది కాదు. వెనక్కి వస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు అని మేమే వాళ్లచేత బట్టీ పట్టించాం. పరీక్షలో చాలాసార్లు అది గట్టెక్కిస్తుంది, పలక దగ్గర మాత్రం బోల్తా కొట్టింది. పగిలిన ముక్క తీసి బలపంతో గీయమన్నాను. గీత పడింది. ముక్కయినా అది పలకరాయే. చీమకుర్తిలో గ్రానైట్ బండను కోసి అద్దంలా పాలిష్ పట్టినా అంతే, ఆకారమే మారుతుంది.

అందుకే ఇప్పుడు ఒక్క ప్రశ్నే అడగమంటున్నాను: కొత్త పదార్థం పుట్టిందా? దీన్ని తేల్చుకోవడానికి కింది పనులు ఇంట్లోనే చేయించండి. నోట్సులో మొదట "ఏమవుతుందనుకుంటున్నాను" అని రాయించి, ఆ తర్వాతే మొదలుపెట్టించండి.

1. ఉప్పు పండించండి

200 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చెంచాల రాళ్లుప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. పింగాణీ పళ్లెంలో పలచగా పోసి మిద్దె మీద ఎండలో పెట్టండి. మన వేసవి ఎండకు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. అడుగున మిగిలిన గింజల్ని భూతద్దంతో చూస్తే చదరపు అంచులు కనిపిస్తాయి. నాలుక మీద చిటికెడు వేసుకుంటే ఉప్పే. (ఇది వంటింటి ఉప్పు కాబట్టి రుచి చూడొచ్చు. మిగతా వాటిలో ఏదీ నోట్లో పెట్టకూడదు.)

ఇసకపల్లిలో, కనుపర్తిలో ఉప్పు మడులు చేసేదీ ఇదే పని. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నీటిని ఎండ ఆవిరి చేస్తే ఉప్పు మిగులుతుంది. 1930లో టంగుటూరి ప్రకాశం పంతులు దేవరంపాడు శిబిరం నుంచి ఉప్పు సత్యాగ్రహం నడిపారు. అప్పుడు జనం వండిన ఉప్పు కూడా అంతకుముందే నీళ్లలో ఉన్నదే. కొత్తగా ఏదీ పుట్టలేదు కాబట్టి భౌతిక మార్పు.

2. ఊపిరితో నీళ్లను తెల్లగా చేయండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. తమలపాకుకు రాసే సున్నం అర చెంచా తీసుకుని గాజు గ్లాసుడు నీళ్లలో కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైన తేరిన నీటిని మెల్లగా మరో గ్లాసులోకి వంచండి. ఈ సున్నపు తేట మంచినీళ్లలా ఉంటుంది.

ఇప్పుడు స్ట్రా పెట్టి అందులోకి నెమ్మదిగా ఊదించండి. ఊదడమే, పీల్చకూడదు. సున్నం కంట్లో పడితే ప్రమాదం, అందుకని పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. కాసేపటికి తేట పాలలా మారుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి, నీళ్లలో దాదాపు కరగని కాల్షియం కార్బొనేట్ అయింది. గ్లాసు పక్కన పెడితే గంటలో ఆ తెల్లపొడి అడుగుకు దిగుతుంది. అంతకుముందు నీళ్లలోనూ లేదు, ఊపిరిలోనూ లేదు. ఇదీ కొత్త పదార్థమంటే! గోడకు వేసిన వెల్ల రోజులు గడిచేకొద్దీ గట్టిపడేదీ ఈ చర్యతోనే.

3. పసుపుతో బొమ్మ గీయండి

తెల్లకాగితానికి తడి పసుపు పూసి ఆరబెట్టండి. మిగిలిన సున్నపు తేటలో అగ్గిపుల్ల ముంచి దాని మీద గీస్తే ఎర్రటి గీత వస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగు ఇదే. ఆ గీత మీద నిమ్మరసం చుక్క వేయండి. మళ్లీ పసుపే!

పిల్లలు ఇక్కడే తికమకపడతారు. వెనక్కి వచ్చింది కదా, భౌతిక మార్పేనా? కాదు. సున్నం తగలగానే పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ అణువు నుంచి హైడ్రోజన్ అయాన్ (విద్యుదావేశమున్న హైడ్రోజన్ కణం) ఊడిపోతుంది. అణువే మారింది కాబట్టి రంగు మారింది. నిమ్మరసంలోని ఆమ్లం ఆ అయాన్‌ను తిరిగి ఇస్తుంది. రెండూ రసాయన మార్పులే. పగిలిన పలకనూ ఈ పసుపు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ బట్టీ సూత్రం దానంతటదే ఊడిపోతుంది.

4. నాలుగు సీసాల్లో మేకులు

మామూలు ఇనుప మేకులు తెచ్చి గరుకు కాగితంతో రుద్దండి. జింకు పూత ఉన్నవి పనికిరావు. ఒకటి పొడి సీసాలో వేసి మూత బిగించండి. రెండోది, మరిగించి మూతపెట్టి చల్లార్చిన నీళ్లలో పూర్తిగా ముంచి పైన నూనె పోయండి. మూడోది మామూలు నీళ్లలో, నాలుగోది ఉప్పునీళ్లలో సగం మునిగేలా పెట్టండి. వారం రోజులు, రోజూ ఒకే వేళకు చూసి రాయించండి.

మొదటి రెండూ దాదాపు శుభ్రంగానే ఉంటాయి, ఎందుకంటే ఒకదానికి నీరు అందలేదు, ఇంకోదానికి గాలి అందలేదు. తుప్పుకు రెండూ కావాలి. మూడో మేకు మీది ఎర్రపొడిని గీకి చూడమనండి. గోటికే రాలిపోతుంది. ఇనుము అలా రాలదు. అంటే తుప్పు కొత్త పదార్థం, ఇది రసాయన మార్పు. ఇక నాలుగోది సాధారణంగా అన్నిటికన్నా ముందు తుప్పు పడుతుంది. పాకల, కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డు ఇళ్లలో కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేయించినా చాలనిది ఆ ఉప్పుగాలి వల్లే.