చాప్‌షాప్ ఆర్పీకి (రోల్‌ప్లేకి, అంటే క్యారెక్టర్‌లా నటిస్తూ ఆడటానికి) దిగేముందు ఇవి చూస్కోండి

జీటీఏ 5 గేమ్‌ని సొంత రూల్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడించే ఫైవ్‌ఎమ్ సర్వర్లలో దొంగ కారు పార్టులు పార్టులుగా విప్పి అమ్మే సీన్ చేద్దామనుకునేవాళ్లకి...

- ఫస్ట్ సర్వర్ రూల్స్ చదవండి బాబూ. చాలాచోట్ల లోకల్ కార్లే (ఏఐ నడిపేవి) విప్పనిస్తారు, వేరే ప్లేయర్ గంటలు గంటలు జాబ్ చేసి కొనుక్కున్న బండిని మాయం చేస్తే బ్యాన్ కూడా పడొచ్చు, వాడి బాధ కూడా కరెక్టే కదా.

- డ్యూటీలో సరిపడా పోలీసులు ఉన్నారా చూడండి, కొన్ని సర్వర్లలో లేకపోతే జాబ్ స్టార్టే అవ్వదు.

- పక్క ట్యాబ్‌లో పోలీసు ఆడేవాడి లైవ్ స్ట్రీమ్ తెరిచి ఉంటే మూసెయ్యండి, అది మెటాగేమింగ్ (గేమ్ బయట తెలిసింది క్యారెక్టర్ కోసం వాడటం).

- అసలు మజా ఇక్కడుంది. ప్రోగ్రెస్ బార్ నడుస్తుంటే బొమ్మలా నిలబడొద్దు, చాట్‌లో స్లాష్ మీ (/me) కొట్టి మీ క్యారెక్టర్ ఏం చేస్తున్నాడో రాయండి: బ్యాటరీ నెగటివ్ వైర్ తీశాడు, జాకీ ఎత్తేముందే వీల్ నట్లు లూజ్ చేశాడు, డాష్‌బోర్డ్ మీద 17 అక్షరాలు-అంకెల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) గీకేశాడు... ఇలా. గ్లవ్స్ వేసుకున్నారో లేదో ముందే చెప్పండి, పోలీసులొచ్చాక "వేసుకున్నా" అంటే ఎవడూ ఒప్పుకోడు. స్లాష్ డూలో (/do, చుట్టూ ఏం కనిపిస్తుందో చెప్పే కమాండ్) ఆయిల్ మరకో, మర్చిపోయిన నంబర్ ప్లేటో ఒక్కటైనా క్లూ వదలండి, లేకపోతే డిటెక్టివ్ ఆడేవాడికి పనేముంటది?

- గన్ పెడితే చేతులెత్తండి, సూపర్‌మ్యాన్ వేషాలొద్దు.

- పారిపోయేటప్పుడు జనాన్ని గుద్దుకుంటూ పోతే వీడీఎం (వెహికల్ డెత్‌మ్యాచ్, బండినే ఆయుధంగా వాడటం).

- క్లిప్ రికార్డింగ్ ఆన్‌లో పెట్టుకోండి, రిపోర్ట్ పడితే అడ్మిన్ అడిగేది అదే.