పాతకాలపు ఇంగ్లీషు చదువుదాం – 4వ పాఠం: అడ్డుపడే ‘లెట్’

గత పాఠంలో క్రియ చివర ‘ఎత్’ చేరితే ఏమవుతుందో చూశాం: ‘కమెత్’ అంటే ఇప్పటి ‘కమ్స్’. ఈసారి చిక్కు ఇంకొంచెం గట్టిది. తెలియని మాట ఎదురైతే డిక్షనరీ తీస్తాం. తెలిసిన మాటే మరిచిపోయిన అర్థంతో వస్తే డిక్షనరీ తియ్యాలన్న ఆలోచనే రాదు. అలా దారి తప్పించే మాటల్లో ‘లెట్’ని మించింది లేదని నా అభిప్రాయం. ఇప్పుడు దాని అర్థం అనుమతించడం. పాతకాలంలో దానికి సరిగ్గా వ్యతిరేకార్థం కూడా ఉండేది: అడ్డగించడం.

1611లో అచ్చైన కింగ్ జేమ్స్ బైబిలులో నిర్గమకాండము 5వ అధ్యాయం తెరవండి. మొదటి వచనంలో మోషే, అహరోను ఐగుప్తు (ఈజిప్టు) రాజైన ఫరో ముందు నిలబడి, అతని కింద బానిసలుగా ఉన్న తమ జనం గురించి దేవుని మాట వినిపిస్తారు: ‘లెట్ మై పీపుల్ గో’. నా జనాన్ని వెళ్లనివ్వు అని. ఇందులో ఏ ఇబ్బందీ లేదు. నాలుగో వచనంలో ఆ రాజు ఎదురు ప్రశ్న వేస్తాడు: ‘వేర్‌ఫోర్ డూ యీ, మోజెస్ అండ్ ఆరన్, లెట్ ద పీపుల్ ఫ్రమ్ దెయిర్ వర్క్స్?’ ఇక్కడ ‘అనుమతి’ పెట్టి చదివితే వాక్యం కుదరదు. రాజు అంటున్నది వేరు: మీరు ఈ జనాన్ని పని చేసుకోనివ్వకుండా ఎందుకు ఆపుతున్నారు? ఒకే అధ్యాయంలో, మూడు వచనాల తేడాతో, రెండు ‘లెట్’లు ఎదురెదురుగా ఉన్నాయి. విడుదల అడిగేవాళ్ల నోట ఒకటి, విడిచిపెట్టనివాడి నోట ఇంకొకటి.

ఇవి అసలు ఒకే మాట కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘లేటన్’, ‘లెట్టన్’ అని రెండు వేర్వేరు క్రియలు ఉండేవి. మొదటిది వదలడం, అనుమతించడం. రెండోది ఆలస్యం చేయడం, ఆపడం. మనం రోజూ వాడే ‘లేట్’కి అది చుట్టమే. కాలక్రమంలో రెండింటి పలుకూ కలిసిపోయింది. ‘అవును’కీ ‘కాదు’కీ ఒకే శబ్దం ఉంటే వాడుక సాగదు కదా, అందుకే అడ్డగించే ‘లెట్’ మెల్లగా వెనకబడింది.

మరి ఏది ఏదో తేల్చేదెలా? ‘లెట్’ తర్వాత ఏముందో చూడండి. అనుమతి ‘లెట్’ వెనక ఒక మనిషి, ఆ వెంటనే ఇంకో క్రియ వస్తాయి: ‘మై పీపుల్’, ‘గో’. ‘లెట్ మి ఇన్’, ‘లెట్ మి అలోన్’ లాంటివీ ఈ వైపువే. రెండో క్రియ లేకుండా వాక్యం మనిషి దగ్గరే ఆగిపోయినా, ‘ఫ్రమ్’ వచ్చినా అడ్డగింతని అనుమానించండి.

ఈ పరీక్షని షేక్‌స్పియర్ మీద పెడదాం. ‘హామ్లెట్’ మొదటి అంకం, నాలుగో రంగం. తండ్రి దయ్యం రమ్మని సైగ చేస్తుంది. హామ్లెట్ వెంట వెళ్లబోతే మిత్రులు పట్టుకుని ఆపుతారు. అప్పుడు అతను, ‘ఐల్ మేక్ ఎ ఘోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మి’ అంటాడు. ‘మి’ తర్వాత క్రియ లేదు. కాబట్టి అర్థం: నన్ను ఆపినవాణ్ణి దయ్యాన్ని చేస్తాను. చంపుతానని నేరుగా అనకుండా, ఒక దయ్యం వెంట వెళ్తూ ఇంకో దయ్యాన్ని తయారు చేస్తానని బెదిరిస్తున్నాడు. ‘లెట్స్’ అంటే అనుమతించడం అనుకుని చదివితే, వెళ్లనిచ్చినవాణ్ణే చంపుతానన్నట్టు తలకిందులైపోతుంది. ‘ఘోస్ట్’ మీది చమత్కారమూ పోతుంది.

అడ్డగించే ‘లెట్’ ఇప్పటికీ కొన్నిచోట్ల బతికే ఉంది. మీ పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉన్న వాక్యం చదవండి: ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’. అంటే ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా వెళ్లనివ్వమని కోరడం. బ్యాడ్మింటన్‌లో పక్క కోర్టు షటిల్ వచ్చి ఆటకి అడ్డం పడితే పిలిచే ‘లెట్’ కూడా ఇదే. మన వీధుల్లో గేటుకి వేలాడే ‘టు లెట్’ బోర్డు మాత్రం ఈ వంశం కాదు. అది అనుమతి వైపుది, ఇంటిని అద్దెకివ్వడం.

ఇక అభ్యాసం. కింది మూడూ కింగ్ జేమ్స్ బైబిలులోవే. ముందు ‘లెట్’ తర్వాత ఏముందో చూసి మీ అర్థం కాగితం మీద రాయండి. ఆ తర్వాతే తెలుగు బైబిలులో అదే వచనం తీయండి. మనకి ఇంతకన్నా మంచి జవాబుల పుస్తకం దొరకదు.

యెషయా 43:13 – ‘ఐ విల్ వర్క్, అండ్ హూ షల్ లెట్ ఇట్?’

రోమా 1:13 – ‘బట్ వాజ్ లెట్ హిదర్‌టు’. ‘హిదర్‌టు’ అంటే ఇంతవరకు. ‘వాజ్’ ఉంది కాబట్టి ఇది కర్మణి వాక్యం, ఆగిపోయినవాడు ఈ ఉత్తరం రాసిన పౌలే.

2 థెస్సలొనీక 2:7 – ‘హి హూ నౌ లెట్టెత్ విల్ లెట్’. గత పాఠంలోని ‘ఎత్’ ఇక్కడ పనికొస్తుంది. రెండు ‘లెట్’లూ ఒకే వైపువా, చెరో వైపువా అన్నది మీరే తేల్చండి.