ఒక్క పరీక్షతో మూడు క్రెడిట్లు

అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలు, వచ్చిన సబ్జెక్టుకే మళ్లీ సెమిస్టర్ ఫీజు కట్టాల్సి రావడం భారమే. క్లెప్ అని కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష ఉంది; పాసైతే, ఒప్పుకునే కాలేజీలో క్లాసుకు వెళ్లకుండానే ఆ సబ్జెక్టు క్రెడిట్లు వస్తాయి. మా అమ్మాయి సైకాలజీ క్లెప్ రాసి ఆ ఖర్చు తప్పించుకుంది.

ముందు మోడర్న్ స్టేట్స్ సైట్‌లో ఆ సబ్జెక్టు ఉచిత కోర్సు పూర్తిచేసి వోచర్ అడగాలి. కాలేజ్ బోర్డు సైట్‌లో రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆ వోచర్ కోడ్ వేస్తే పరీక్ష ఫీజు పడదు. సెంటర్ వాళ్ల ఫీజు వేరే. పరీక్ష 90 నిమిషాలు, స్కోరు 20 నుంచి 80 దాకా. చాలా కాలేజీలకు 50 చాలు. తప్పు జవాబుకు మార్కులు కొయ్యరు, ఏదీ ఖాళీగా వదలొద్దు.

కొన్ని కాలేజీలు క్లెప్‌ను అసలు ఒప్పుకోవు. ముందే రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. పరీక్ష తప్పితే, అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి.