అమెరికాలో ఆన్‌లైన్‌లో మందులు: కొత్తగా వచ్చినవారికి

డోలో 650 అంటే ఇక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు. మనం పారాసెటమాల్ అనేదాన్ని వీళ్లు ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్‌లో ఉండేదీ అదే. కాబట్టి ఇంట్లో వాడే ప్రతి మందుకూ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు, మోతాదు రాసి పెట్టుకోండి. థైరాయిడ్ మాత్రకు థైరోనార్మ్ అని కాదు, లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు అని. మైక్రోకి బదులు మిల్లీ రాస్తే వెయ్యి రెట్లు తేడా.

పేరు తెలియకపోతే ఏమవుతుందో చూడండి. ఊరి నుంచి తెచ్చిన డోలో మూడు పూటలా వేస్తే 1950 మి.గ్రా. తగ్గలేదని ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎక్స్‌ట్రా స్ట్రెంగ్త్ టైలెనాల్ (మాత్ర 500) రెండేసి చొప్పున రెండుసార్లు వేస్తే ఇంకో 2000. రాత్రి జలుబుకి నైక్విల్ గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) రెండు వేస్తే మరో 650. వేసుకున్నవాళ్ల లెక్కలో మూడు మందులు, కాలేయం లెక్కలో ఒకటే మందు, 4600. పెద్దవాళ్లకైనా రోజుకు 4000 దాటకూడదు. డబ్బా వెనక ‘డ్రగ్ ఫ్యాక్ట్స్’ పెట్టెలో మొదటి వరస చదివితే ఈ పొరపాటు జరగదు.

ప్రిస్క్రిప్షన్ మందులకు మన డాక్టరు రాసిన చీటీ ఇక్కడ చెల్లదు, ఇక్కడ లైసెన్సు ఉన్నవాళ్లే రాయాలి. చీటీ అడగకుండా యాంటీబయాటిక్ పంపిస్తామనే సైటు కనిపిస్తే అది సదుపాయం అనుకోకండి, వెంటనే మూసేయండి. అలాంటిచోట కొన్న నకిలీ మాత్రల్లో ఫెంటానిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు దొరికిన సందర్భాలున్నాయి. అసలైన సైటులో అమెరికా చిరునామా, ఫోన్లో మాట్లాడే ఫార్మసిస్టు ఉంటారు. లైసెన్సు ఉందో లేదో మీ రాష్ట్ర ఫార్మసీ బోర్డు సైటులో వెతికితే తెలుస్తుంది. పేరు చివర డాట్ కామ్ బదులు డాట్ ఫార్మసీ ఉంటే ఆ సైటును పరిశీలించాకే ఆ పేరు ఇచ్చారని అర్థం.

అమ్మానాన్నలను మందులు కొరియర్ చేయమనడం మన అలవాటే. ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ పార్సిల్‌ను ఆపేయవచ్చు, సొంత వాడకానికైనా సాధారణంగా అనుమతి లేదు. వచ్చేటప్పుడే 90 రోజులకు మించకుండా, స్ట్రిప్పులు విప్పకుండా, ఇంగ్లీషు చీటీతో చేతి సంచిలో తెచ్చుకోండి. నొప్పికి వాడే ట్రమడాల్, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలం లాంటివి నియంత్రిత మందులు. వాటికి నియమాలు వేరు, పార్సిల్‌లో అసలు పెట్టించకండి.

విటమిన్లు, మూలికల డబ్బాలకు అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ ఆమోదం ఉండదు. కనీసం నాణ్యత పరీక్షించారని చెప్పే యూఎస్‌పీ ముద్ర ఉన్నది తీసుకోండి, అమ్మేది ఎవరో కూడా చూడండి. పెద్ద సైటు మీద బయటి అమ్మకందారులూ ఉంటారు. లోహాలతో చేసే ఆయుర్వేద భస్మాలు మాత్రం ఆన్‌లైన్‌లో వద్దు. 2011-12లో న్యూయార్క్‌లో ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణులకు సీసం విషమెక్కింది, వారిలో ఐదుగురు భారత్‌లో పుట్టినవారే.

ఇన్సులిన్ తెప్పిస్తే ఇంట్లో మనిషి ఉండే రోజుకే పెట్టించండి. టెక్సాస్ ఎండలో గుమ్మం ముందు పడి ఉన్న డబ్బాలో ఐస్ ప్యాక్ కరిగి వేడెక్కి ఉంటే వాడకండి, ఫార్మసీకి ఫోన్ చేసి మార్చమనండి. ఏదైనా ఎక్కువ మోతాదు వేసుకున్నామని అనుమానం వస్తే 1-800-222-1222, పాయిజన్ కంట్రోల్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం. మనిషి స్పృహలో లేకపోతే నేరుగా అత్యవసర నంబరు 911.